గీజరు ప్లగ్ దగ్గర కమురు వాసన

బెంగళూరు మారతహళ్లిలో మేము అద్దెకుంటున్న ఇంట్లో, డిసెంబరు చలికి గీజరు వాడకం పెరిగిన రోజుల్లో, స్నానాల గది వైపు నుంచి ఉదయం పూట ప్లాస్టిక్ కమురు వాసన రావడం మొదలైంది. వంటింటిదేమోనని రెండు రోజులు ఊరుకున్నాను. అది నా తప్పే. మూడో రోజు మెయిన్ ఆపి ప్లగ్ లాగి చూస్తే, ఒక పిన్ను నల్లబడి, సాకెట్ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి కరిగి ఉంది.

ఇంత జరిగినా, కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే ఎంసీబీ స్విచ్ ఎందుకు పడలేదన్నది నన్ను వేధించిన ప్రశ్న. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడే. అయితే సాకెట్‌లో తీగను బిగించే స్క్రూ వదులై ఆ చోట అర ఓమ్ నిరోధం ఏర్పడితే చాలు, దాదాపు 38 వాట్ల వేడి అక్కడే పుడుతుంది, అంటే గోడలో సోల్డరింగ్ ఐరన్ పెట్టి మరిచిపోయినట్టే. కరెంటు లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ స్విచ్ కూడా దీన్ని గుర్తించదు.

యజమానికి చెప్పి, కదిరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. "సాకెట్ ఒక్కటే మారిస్తే చాలదండీ, ఈ నల్లబడ్డ ప్లగ్ కొత్తదాన్నీ కాల్చేస్తుంది" అన్నారాయన. కాలిన తీగను మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, ఒక్క పోగు కూడా బయట మిగలకుండా మెలిపెట్టి, కొత్త 16 ఆంపియర్ల సాకెట్‌లో బిగించారు. అరగంట నడిపాక, స్విచ్ ఆపి ప్లగ్‌ను తాకి చూస్తే కాస్త గోరువెచ్చదనం తప్ప వేడి లేదు.