లిస్ప్ మాక్రోలు, 5వ పాఠం: ఒకే పేరు, రెండు అర్థాలు

'పాలు తాగాడు', 'పాలు పంచుకున్నాడు'. ఈ రెండు పాలు వేరని మనకెవరూ చెప్పక్కర్లేదు, పక్కనున్న మాటే చెబుతుంది. లిస్ప్ భాషల్లో ఒకటైన కామన్ లిస్ప్ కూడా ఇలాగే చూస్తుంది. బ్రాకెట్ తెరవగానే వచ్చే పేరు ఫంక్షన్, తర్వాత వచ్చేవి వేరియబుల్స్. రెంటికీ వేర్వేరు పట్టీలు. 1975లో వచ్చిన మరో లిస్ప్ భాష స్కీమ్‌లో మాత్రం పట్టీ ఒక్కటే. స్కీమ్ తరహాను లిస్ప్-1 అని, కామన్ లిస్ప్ తరహాను లిస్ప్-2 అని అంటారు.

కామన్ లిస్ప్‌లో చిక్కెక్కడంటే, ఆర్గ్యుమెంట్‌గా వచ్చిన ఫంక్షన్ వేరియబుల్ పట్టీలో కూర్చుంటుంది. (పని 5) అంటే దొరకదు, (ఫన్‌కాల్ పని 5) అనాలి. ప్రతిసారీ ఫన్‌కాల్ రాయడం విసుగు. పోయిన పాఠంలో నేర్చుకున్న బ్యాక్‌కోట్‌తో (కోడ్‌ను అచ్చులా రాసే ` గుర్తు, అందులో కామా పెట్టినచోట అసలు విలువ వచ్చి కూర్చుంటుంది) ఒక మాక్రో, అంటే కోడ్ రాసే కోడ్, రాసి దీన్ని తప్పిద్దాం. (కోడ్‌లో పేర్లు ఎలా పలుకుతామో అలాగే రాస్తున్నాను.)

(డెఫ్‌మాక్రో పిలుపు (పేరు &బాడీ మిగతా)
  `(ఫ్లెట్ ((,పేరు (&రెస్ట్ అన్నీ)
            (అప్లై ,పేరు అన్నీ)))
     ,@మిగతా))

(డెఫన్ రెండుసార్లు (పని విలువ)
  (పిలుపు పని (పని (పని విలువ))))

(రెండుసార్లు #'1+ 5) అంటే 7 వస్తుంది (1+ అంటే ఒకటి కలిపే ఫంక్షన్, #' అంటే దాన్ని ఫంక్షన్ పట్టీలోంచి తెమ్మని). ఫ్లెట్ అంటే ఆ కాస్త కోడ్‌కే పనికొచ్చే ఫంక్షన్‌ను కట్టేది, అప్లై అంటే ఫంక్షన్‌ను ఆర్గ్యుమెంట్ల లిస్టుతో పిలిచేది. మాక్రోలో ,పేరు రెండు చోట్ల ఉంది చూడండి. ఫ్లెట్ దగ్గరున్నది ఫంక్షన్ పట్టీలో కొత్తగా చేరుతుంది, అప్లై పక్కనున్నది వేరియబుల్ పట్టీలోంచి విలువ తెస్తుంది. ఒకే పేరైనా గొడవ లేదు. నాకు ఈ మాక్రో ఇష్టం కావడానికి కారణం ఇదే.

కానీ ఇందులో ఒక తప్పుంది. ముందుకెళ్లే ముందు పైకెళ్లి ఇంకోసారి చదివి, మీరే వెతకండి.

ఎవరైనా తమ వేరియబుల్‌కు 'అన్నీ' అనే పేరు పెట్టుకుంటే? మాక్రో విప్పుకున్నాక లోపల (అప్లై అన్నీ అన్నీ) అవుతుంది. వాళ్ల ఫంక్షన్ మరుగున పడి, దాని చోట ఆర్గ్యుమెంట్ల లిస్టు వస్తుంది. లిస్టును పిలవలేం కాబట్టి ఎర్రర్. ఇంకెవరికీ దొరకని పేరు కావాలి, అది జెన్‌సిమ్ ఇస్తుంది:

(డెఫ్‌మాక్రో పిలుపు (పేరు &బాడీ మిగతా)
  (లెట్ ((గు (జెన్‌సిమ్)))
    `(ఫ్లెట్ ((,పేరు (&రెస్ట్ ,గు)
              (అప్లై ,పేరు ,గు)))
       ,@మిగతా)))

ఇంకో జాగ్రత్త. కామన్ లిస్ప్‌లో వేరియబుల్‌కు లిస్ట్ అని పేరు పెట్టుకోవచ్చు, చాలామంది పెడతారు కూడా. దాన్ని మాత్రం పిలుపుకి ఇవ్వకండి. భాషలో ముందే ఉన్న ఫంక్షన్ పేరును ఫ్లెట్‌తో కట్టడం స్టాండర్డ్ ఒప్పుకోదు. ఎస్‌బీసీఎల్ అనే కామన్ లిస్ప్ కంపైలర్ అయితే ప్యాకేజీ లాక్ అని ఆపేస్తుంది.

వచ్చే పాఠానికి ముందు, దీనికి తిరగేసిన మాక్రో ఒకటి రాసి చూడండి. ఫంక్షన్ పట్టీలో ఉన్న పేరును #' గుర్తు లేకుండా మ్యాప్‌కార్‌కు (లిస్టులో ఒక్కోదాని మీదా ఫంక్షన్‌ను నడిపేది) ఇవ్వగలగాలి. వేరియబుల్‌ను కట్టే లెట్ ఒకటి చాలు.