వరద నీళ్లు గడప తొక్కకముందే చూసుకోవాల్సిన కరెంటు జాగ్రత్తలు

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే లంక గ్రామాల్లో సామాన్లు అటకెక్కుతాయి. కరెంటు సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి.

– నీళ్లు ఇంట్లోకి రాకముందే మెయిన్ ఆపేయండి. వచ్చేశాక నీళ్లలో నడిచి వెళ్లి ఆపబోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. గోడ కింద ప్లగ్ మునిగితే ఆ నీళ్లలోనే కరెంటు ఉండొచ్చు. అప్పుడు లోపల అడుగు పెట్టకుండా లైన్‌మన్‌కో, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కో ఫోన్ చేసి బయటినుంచే సరఫరా ఆపించండి.

– ఇన్వర్టర్‌ని విడిగా ఆపాలి. మెయిన్ కట్టేసినా అది వైర్లలోకి కరెంటు పంపుతూనే ఉంటుంది. చాలామంది మరిచిపోయేది ఇదే.

– ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) మీద టెస్ట్ బటన్ నొక్కండి. టక్కున పడిపోవాలి. పడలేదా, అది ఉన్నా లేనట్టే. ఇంట్లో అసలు ఆర్‌సీసీబీయే లేకపోతే 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించుకోండి. మామూలు ఎంసీబీ (లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా పడిపోయే స్విచ్) మనిషికి షాక్ కొడితే పడుతుందన్న నమ్మకం లేదు.

– ఇనుప తీగ దండెం తీసేసి నైలాన్ తాడు కట్టండి. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు దండేనికి ఒరుసుకుని తొడుగు పోతే తడి బట్టలు ఆరేసేవాళ్లకే దెబ్బ.

– కరెంటు తీగల పక్కనున్న కొబ్బరిచెట్టుకి అల్యూమినియం గెడ వద్దు.

– బురద పట్టిన మోటారుని, ఫ్రిజ్‌ని ఎలక్ట్రీషియన్ చూశాకే ఆన్ చేయండి. ఎండలో పెట్టినంత మాత్రాన లోపలి తడి ఆరదు.