పండక్కి మీ తోట బరికి ఇచ్చే ముందు

సంక్రాంతి ఇంకా పది రోజులుందనగానే మా వైపు ఫోన్లు మొదలవుతాయి. "మీ కొబ్బరితోట పక్కన ఖాళీయేగా, కోడిపందేల బరికి మూడ్రోజులు వాడుకోనివ్వకూడదూ?" అని. పోయినేడాది మా బాబాయి మొహమాటపడి సరేనన్నాడు. ఆయన పందెం కాయలేదు, పుంజు మీద చెయ్యి కూడా వెయ్యలేదు. అయినా కేసులో ఆయన పేరుంది.

ఎందుకంటే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 11వ సెక్షన్, పందెం ఆడించినవాళ్ళతో ఆగదు. చోటిచ్చినవాళ్ళు, లోపలికి వదలడానికి డబ్బు పుచ్చుకున్నవాళ్ళు కూడా అందులోకే వస్తారు. తోటైనా కల్లమైనా ఎవరడిగినా ముందే కుదరదనండి. పొలం కౌలుకిచ్చి ఉంటే కౌలు రైతు చెవిన కూడా వేసి ఉంచండి.

"పుంజు కాలికి కత్తి కట్టం, ఉత్త డింకీ పందెమే" అని బతిమాలతారు. చట్టానికి కత్తితో పనిలేదు. వినోదం కోసం రెండు జంతువుల్ని కొట్లాటకి ఉసిగొల్పితే చాలు. డబ్బు కాస్తే 1974 నాటి గేమింగ్ చట్టం కూడా వచ్చి పడుతుంది. "మరి జల్లికట్టో?" అంటారు. తమిళనాడు 2017లో తన వరకు చట్టాన్ని సవరించుకుంది, 2023లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మన కోడిపందేలకి అలాంటి సవరణ లేదు.

జరిమానా వింటే మాత్రం నవ్వొస్తుంది. మొదటి తప్పుకి 10 నుంచి 50 రూపాయలు! ఇప్పుడు ప్లేటు ఇడ్లీకే చాలదు. కానీ బైండోవర్లు (మళ్ళీ ఇలా చెయ్యనని అధికారి ముందు పూచీకత్తు రాసివ్వడం), వాయిదాలు, బరి దగ్గర పట్టుకుపోయిన బండి విడిపించుకోవడం... మా బాబాయికి టెన్షన్ ఇంకా తగ్గలేదు.

చూడ్డానికే వెళ్ళేవాళ్ళకీ ఒక మాట. పిల్లల్ని భుజం మీద కూర్చోబెట్టుకుని బరి అంచుకి వెళ్ళకండి. కత్తి కట్టిన పుంజు చేతిలో విదిలించుకుంటే ఎటు ఎగురుతుందో పెంచినవాడికే తెలియదు. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో ఒకాయన అలాగే పోయాడు. ఆ కత్తి కట్టింది తన పుంజుకే. పుంజుని గొల్లపల్లి పోలీస్ స్టేషన్లో పెట్టి గింజలు వేశారు.

ఇక హైదరాబాద్ నుంచి ఊరికి బయల్దేరేవాళ్ళ సంగతి. కుక్కని బాల్కనీలో కట్టేసి, రెండు గిన్నెల్లో అన్నం, నీళ్ళు పెట్టి, వాచ్‌మన్‌కి చెప్పి వెళ్ళిపోతారు. రెండోరోజుకే గిన్నె తిరగబడి ఉంటుంది, గొలుసు కుర్చీ కాలికి చుట్టుకుని మెడ పక్కకి లాగేస్తూ ఉంటుంది. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, తిండీ నీళ్ళూ నీడా చూడకపోవడం అదే సెక్షన్ కింద నేరాలు. తెలిసినవాళ్ళింట్లో వదలండి. బోర్డింగ్‌లో పెట్టేట్టయితే ఇప్పుడే మాట్లాడుకోండి, పండగ వారం చోటు దొరకదు. టీకాల పుస్తకం చూపించమంటారు, రేబీస్ టీకా గడువు చూసుకోండి. రైల్లో తీసుకెళ్దామంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మీకే దొరకాలి. లేదంటే గార్డు పెట్టెలో డాగ్ బాక్సే గతి. సెకండ్ ఏసీలో, స్లీపర్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటామంటే ఒప్పుకోరు.

రామచిలకని పంజరంలో కొని పిల్లలకి పండగ కానుకిస్తే వన్యప్రాణి చట్టం ఊరుకోదు. జోస్యం చెప్పే చిలకకీ అదే చట్టం.

గాలిపటాలకి చైనా మాంజా, అంటే ఆ నైలాన్ దారం, కొనకండి. 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది. ఎవరో తెంపుకున్న దారానికి మీ మేడ మీద పావురమో గుడ్లగూబో చిక్కుకుంటే మాత్రం లాగకండి, రెక్క తెగిపోతుంది. పాత తువ్వాలు కప్పి, దారాన్ని రెండు వైపులా కత్తెరతో కత్తిరించండి. చర్మంలోకి దిగిన ముక్కని అలాగే ఉంచేయండి. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో చీకట్లో పెట్టి, ముక్కులో నీళ్ళు పొయ్యకుండా, పశువుల డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళండి.