గ్రీకు, రోమన్ కాలపు ఈజిప్టు ఆలయాలు చూడటం ఎలా?

ఈజిప్టు వెళ్లిన మనవాళ్లు చాలామంది పిరమిడ్లు చూసి తిరిగొచ్చేస్తారు. పైకప్పుతో సహా నిలిచిన ఆలయాలు చూడాలంటే దక్షిణాన లక్సర్ చేరి, నైలు వెంట అస్వాన్ దాకా వెళ్లాలి. గ్రీకు టాలమీ రాజులు, ఆ తర్వాత రోమన్ చక్రవర్తులు కట్టించిన గుళ్లు ఎక్కువగా ఈ దారిలోనే ఉన్నాయి.

నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. మిగతా నెలల్లో ఎండ మండిపోతుంది. క్రూయిజ్ పడవలు ఎడ్ఫూ, కొమ్ ఓంబోల దగ్గర ఆగుతాయి, కానీ అందరూ ఒకేసారి దిగుతారు. వీలైతే కారు మాట్లాడుకోండి. టార్చిలైటు మరవద్దు.

ముందు ఎస్నా. గుడి నేటి వీధికి సుమారు 9 మీటర్ల లోతున ఉంది, మెట్లు దిగాలి. మిగిలింది 24 స్తంభాల మండపం ఒక్కటే. దిగగానే తల పైకెత్తండి. శతాబ్దాల మసి తుడిచాక కప్పు మీద రంగులు బయటపడ్డాయి.

తర్వాత ఎడ్ఫూ. దీనికి కనీసం రెండు గంటలు కేటాయించండి. క్రీ.పూ. 237లో మొదలుపెట్టి క్రీ.పూ. 57లో ముగించారు. 36 మీటర్ల ముఖద్వారం దాటి లోపలికి నడిచేకొద్దీ నేల కొద్దికొద్దిగా లేస్తుంది, కప్పు కిందికి దిగుతుంది, వెలుగు సన్నగిల్లుతుంది. మన గుళ్లో మండపం దాటి గర్భగుడికి చేరినట్టే ఉంటుంది. అక్కడ నున్నటి రాతి మందిరం కనిపిస్తుంది. అది గుడికన్నా పాతది, చివరి ఈజిప్టు ఫారోల్లో ఒకడైన రెండో నెక్టనెబో చేయించింది. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా అక్కడే నిలబడండి.

డెండెరాకు వేరే రోజు పెట్టుకోండి, అది లక్సర్‌కు ఉత్తరాన ఉంది. వెనుక గోడ మీద క్లియోపాత్రా, ఆమె కొడుకు సీజరియన్‌ల శిల్పాలు ఉన్నాయి. రాజుల పేర్లు చెక్కాల్సిన అండాకారపు గడులు చాలాచోట్ల ఖాళీగా ఉంటాయి. సింహాసనం అంత త్వరగా చేతులు మారిన కాలమది. పైన గదిలో కప్పు మీది రాశిచక్రం నకలు, అసలుది పారిస్‌లోని లూవ్ర్‌లో ఉంది. అయినా వృషభం, వృశ్చికం, మీనం మీరే గుర్తుపడతారు.

అస్వాన్ దగ్గర దీవి మీదున్న ఫిలేను ఆఖరికి ఉంచండి. పడవ ఎక్కేముందే రానుపోను బేరం తేల్చుకోండి. ఆనకట్ట నీళ్లలో మునిగిన ఈ ఐసిస్ దేవత ఆలయాన్ని రాయి రాయి విప్పి పక్క దీవి మీద తిరిగి నిలబెట్టారు. చాలామంది ప్రధాన ఆలయం చూసి పడవ దగ్గరికి వచ్చేస్తారు. మీరు రోమన్ చక్రవర్తి హేడ్రియన్ పేరుతో ఉన్న ద్వారం కూడా చూడండి. క్రీ.శ. 394 ఆగస్టు 24న చెక్కిన అక్షరాలు అక్కడున్నాయి. తేదీ తెలిసిన ఈజిప్టు చిత్రలిపి శాసనాల్లో చివరిది అదే.