గోడౌన్‌లో ఏఐ లెక్క తప్పుతోందా? ముందు ఇవి చూడండి

స్టాక్ ఆర్డర్లు, బండ్ల రూట్లు ఏఐ సాఫ్ట్‌వేర్‌కి అప్పగించాక లెక్కలు తేడా కొడుతుంటే వెంటనే ఆపేయకండి. మా గోడౌన్‌లో వచ్చిన ఇబ్బందుల్లో ఎక్కువ మేం ఇచ్చిన డేటాలోనే దొరికాయి.

పండగ సరుకు పండగయ్యాక దిగుతోంది

బెల్లం, కర్పూరం, అగరబత్తీల దగ్గర ఇది బాగా కనబడుతుంది. కారణం ఏంటంటే సాఫ్ట్‌వేర్ ఇంగ్లిష్ తేదీలనే నమ్ముకుంటుంది. సంక్రాంతి సౌరమానం కాబట్టి ఏటా జనవరి 14, 15 దగ్గరే ఉంటుంది, ఇబ్బంది లేదు. వినాయక చవితి అలా కాదు, 2023లో సెప్టెంబర్ 18న వస్తే 2024లో సెప్టెంబర్ 7న, 2025లో ఆగస్టు 27న వచ్చింది. నిరుటి వారం చూసి తెప్పిస్తే సరుకు మిగిలిపోక ఏమవుతుంది? అధిక మాసం ఇంకో చిక్కు. 2023లో అధిక శ్రావణం పడి పెళ్లిళ్లు ఆగాయి, ఆ నెల అమ్మకాలు చూసి మోడల్ (పాత లెక్కల నుంచి నేర్చుకుని అంచనా కట్టే సాఫ్ట్‌వేర్ భాగం) శ్రావణమంటేనే డల్ సీజన్ అని నేర్చుకోవచ్చు. 2026లో అధిక జ్యేష్ఠం సరిగ్గా మే, జూన్ పెళ్లిళ్ల రోజుల్లోనే ఉంది.

పంచాంగం దగ్గర పెట్టుకుని పండగలు, అధిక మాసాలు, మూఢాలు ఒక షీట్‌లో ఎక్కించండి. "పండక్కి ఇంకా ఎన్ని రోజులు" అనే కాలమ్ పాత అమ్మకాలకి కూడా చేర్చి, మోడల్‌కి ఆ డేటాతో మళ్లీ నేర్పించండి. సాఫ్ట్‌వేర్ వాళ్లు కుదరదంటే ఆ వారాల ఆర్డర్లు మాత్రం మనిషి చూశాకే వెళ్లేలా పెట్టించండి.

బాగా పోయే సరుక్కే ఆర్డర్ తగ్గుతోంది

స్టాక్ లేని రోజుల్లో అమ్మకం సున్నా అని పడుతుంది, మోడల్ దాన్ని ఎవరూ అడగలేదని అనుకుంటుంది, ఇంకా తక్కువ తెప్పిస్తుంది. ఆ రోజుల్ని సున్నాగా కాకుండా ఖాళీగా వదిలేయించండి.

మ్యాప్‌లో రూట్ బాగుంది, బండి మాత్రం ఆలస్యం

మన అడ్రసులు "రామాలయం వెనక" అన్నట్టుంటాయి, సాఫ్ట్‌వేరేమో పిన్ కోడ్ పట్టుకుని ఎక్కడో మధ్యలో పాయింట్ పెడుతుంది. డ్రైవర్ సరుకు దించిన చోటే ఫోన్‌లో లొకేషన్ నొక్కితే అదే అసలు అడ్రస్. లారీలకి నో ఎంట్రీ వేళలు, కొట్టు దగ్గర దింపడానికి పట్టే టైమ్ కూడా ఎక్కించాలి. ఇవి డ్రైవర్లకీ హమాలీలకీ తెలిసినంత ఆఫీసులో ఎవరికీ తెలియవు, వాళ్లనే కూర్చోబెట్టి అడగండి.

దారిలో ఈ-వే బిల్లు టెన్షన్

ఈ-వే బిల్లు అంటే సరుకు రవాణాకి జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం, బండి నంబర్ దాని పార్ట్-బీలో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ చివరి నిమిషంలో బండి మార్చేస్తుంది, పార్ట్-బీలో పాత నంబరే ఉండిపోతుంది. బండి మారితే పార్ట్-బీలో నంబర్ మార్చేదాకా గేటు పాస్ రాకుండా లింక్ పెట్టించండి. మామూలు సరుక్కి ఈ బిల్లు గడువు ప్రతి 200 కిలోమీటర్లకి ఒక రోజు. బండి దారిలో ఆగిపోతే గడువు తీరడానికి 8 గంటల ముందు నుంచి తీరాక 8 గంటల దాకా పొడిగించుకోవచ్చు, ఆ అలర్ట్ డ్రైవర్‌కి కాకుండా ఆఫీసులో ఉన్నవాళ్లకి వెళ్లాలి.