సైలెన్సర్ పైపు మార్పించే ముందు ఒక్క మాట

కారుకి లావు పైపు వేయిస్తే పికప్ పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. టర్బో (పొగ ఒత్తిడితో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరం) లేని 1.2 లీటర్ పెట్రోల్ ఇంజిన్‌కి ఇది దాదాపు ఎప్పుడూ నష్టమే. పొగ వేగంగా బయటికి పోతేనే సిలిండర్‌లో మిగిలినదాన్ని కూడా వెంట లాక్కుపోతుంది. 2 అంగుళాల పైపు తీసి రెండున్నర వేస్తే లోపలి వైశాల్యం సగానికి పైగా పెరిగి, పొగ వేగం మూడింట రెండొంతులకు పడిపోతుంది. ట్రాఫిక్‌లో, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి బరువుగా లాగడానికి ఇదీ ఒక కారణం. శబ్దం పెరిగింది కదా అని పవర్ పెరిగిందనుకోకండి.

80–90 హార్స్‌పవర్ బండికి కంపెనీ పైపే చాలు. ఇంజిన్‌లో వేరే మార్పులు చేయించి ఉంటే 2 అంగుళాలు దాటొద్దు. టర్బో బండి సంగతి వేరు, టర్బో తర్వాత పైపు కాస్త పెద్దదైతేనే మేలు.

సైజు కన్నా ముందు వంపులు చూడండి. వంచినచోట పైపు నొక్కుకుపోతే ఎంత లావుదైనా దండగే. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మాత్రం తీయనివ్వకండి.