మన రక్తం, మన రిపోర్టు – 4వ పాఠం: ఏ పరీక్ష ఎన్నాళ్లకొకసారి?

ఈ వారం మూత్రపరీక్ష రిపోర్టు చదవడం నేర్పాల్సింది. దాన్ని ఐదో పాఠానికి జరిపాను. మూడో పాఠం తర్వాత వచ్చిన ఉత్తరాలు చూస్తే ముందు తేల్చాల్సింది ఇంకొకటి ఉంది.

పోయినసారి ఏఎన్ఏ (ఒంట్లోని రక్షణ ప్రొటీన్లు, అంటే యాంటీబాడీలు, సొంత కణాల మీదికే తిరిగాయేమో చూసే రక్తపరీక్ష) రిపోర్టులో 1:160, 1:320 అని ఉండే అంకెను చదవడం నేర్చుకున్నాం. చదవడం వచ్చేసరికి చాలామంది ఆ పరీక్షను మళ్లీ మళ్లీ చేయించుకుంటున్నారు. ఆదోని నుంచి ఒకావిడ రాశారు: మొదట 1:320, మూడు నెలలకు 1:640, జబ్బు రెట్టింపైనట్టేనా అని. కీళ్లనొప్పులు తగ్గాయట, జ్వరం లేదట, మూత్రంలో ప్రొటీన్ పోవడం లేదట. అయినా ఆ అంకె చూసినప్పటి నుంచి నిద్ర లేదు. పులివెందుల నుంచి వచ్చిన ఉత్తరం నన్ను ఇంకా కలవరపెట్టింది. లూపస్ (శరీర రక్షణ వ్యవస్థ సొంత అవయవాల మీదే దాడి చేసే జబ్బు) ఉన్న ఒక అమ్మాయికి 1:320 కాస్తా 1:80కి దిగింది. నయమైపోయిందనుకుని రోజూ వేసుకునే హైడ్రాక్సీక్లోరోక్విన్ మానేసింది. అమ్మా, ఈ రోజే మీ డాక్టరుకు ఫోను చేయండి. ఆ మాత్ర ఆపితే లూపస్ తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. ఏఎన్ఏ తగ్గడం దాన్ని ఆపడానికి కారణం కానే కాదు.

ఆ అంకె ఎలా వస్తుందో తెలిస్తే ఈ భయాలూ ఉండవు, ఈ ధైర్యాలూ ఉండవు. ల్యాబులో మీ రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని, అంటే సీరమ్‌ను పలుచన చేస్తారు. 1:80 నుంచి మొదలుపెట్టారనుకోండి, దాన్ని మళ్లీ సగానికి పలుచన చేస్తే 1:160, ఇంకోసారి చేస్తే 1:320, ఆ తర్వాత 1:640. ఒక్కొక్క చుక్కను కణాలు అంటించిన గాజుపలక మీద వేసి, మెరిసే రంగు కలిపి, చీకటి గదిలో ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు కింద చూస్తారు. యాంటీబాడీలు ఉంటే కణాల్లో ఆకుపచ్చని మెరుపు కనిపిస్తుంది. ఎంత పలుచన వరకు ఆ మెరుపు నిలిచిందో అదే మీ రిపోర్టులోని అంకె. మసకగా ఉన్న ఆఖరి మెరుపును ఉందనాలా, లేదనాలా? చాలాచోట్ల దాన్ని తేల్చేది ఒక మనిషి కన్ను. ఒకే గొట్టంలోని రక్తాన్ని రెండు ల్యాబులకు పంపితే ఒకచోట 320, ఇంకోచోట 640 రావచ్చు. అందుకే ఒక మెట్టు తేడాను తేడాగా లెక్కించరు. ఆదోని ఆవిడ రిపోర్టులో ఉన్నది ఆ ఒక్క మెట్టే.

సరే, రెండు మూడు మెట్లు మారితే? అప్పుడు కూడా జబ్బు పెరిగిందో తగ్గిందో ఏఎన్ఏ చెప్పదు. అది ఇంటిపేరు లాంటిది. మనిషి ఏ కుటుంబం వాడో చెబుతుంది, ఈ రోజు ఒంట్లో ఎలా ఉందో చెప్పదు. ఆరోగ్యంగా ఉన్నవారిలో సైతం నూటికి సుమారు ఐదుగురికి 1:160 దగ్గర పాజిటివ్ వస్తుంది. ఒకసారి పాజిటివ్ అని తేలి, డాక్టరు జబ్బు నిర్ధారించాక ఏఎన్ఏ పని అయిపోయింది. జబ్బును గుర్తించడానికి చేసే ఇలాంటి యాంటీబాడీ పరీక్షలు, కీళ్లవాతంలో ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, థైరాయిడ్‌లో యాంటీ టీపీఓ కూడా ఇంతే. కొత్త లక్షణాలు కనిపించి, వేరే జబ్బేమో అని డాక్టరుకు అనుమానం వస్తే ఆయనే రాస్తారు. ల్యాబు కౌంటరు దగ్గర ప్యాకేజీలో ఇవన్నీ కలిసి వస్తాయంటే దయచేసి తల ఊపకండి.

ఇక అసలు పాఠం. పదే పదే చేయాల్సిన పరీక్షలు రెండు రకాలు: జబ్బును కనిపెట్టి ఉండేవి, మందును కనిపెట్టి ఉండేవి. మనవాళ్లు మొదటి రకానికి పరుగెత్తి రెండోది మరిచిపోతారు.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారికి సీబీపీ (రక్తకణాల లెక్క), కాలేయ పరీక్షలు, క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష) తప్పనిసరి. మొదలుపెట్టిన మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, ఆరు నెలలు నిండేదాకా రెండు మూడు నెలలకొకసారి, ఆ తర్వాత అంతా నిలకడగా ఉంటే మూడు నెలలకొకసారి. మోతాదు పెంచితే మళ్లీ దగ్గర దగ్గరగా చేయాలి. కీళ్లవాతానికే వాడే లెఫ్లునమైడ్‌కు కూడా ఇంచుమించు ఇదే వరుస. అనంతపురం వాళ్లు బెంగళూరుకు, కర్నూలు వాళ్లు హైదరాబాదుకు, కడప వాళ్లు తిరుపతికో వేలూరుకో వెళ్లి డాక్టరును చూపించుకుంటారు. అక్కడికి వెళ్లినప్పుడు చేయిద్దాంలే అని ఆగకండి. ఈ మూడు పరీక్షలు మన ఊళ్లోనే అవుతాయి, పరగడుపున ఉండనక్కర్లేదు, రిపోర్టు ఫోనులో పంపవచ్చు. వేరుశనగ పీకే రోజుల్లో తీరిక లేక వదిలేసేవాళ్లు ఎక్కువ. అప్పుడు కూడా మాత్ర ఆగదు కదా, పరీక్ష ఎందుకు ఆగాలి?

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకునే మందు. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర వేసుకున్న ఒకటి రెండు రోజులు కాలేయ ఎంజైములు కొంచెం పెరిగి కనిపించవచ్చు. ఆదివారం వేసుకునేవారు శుక్రవారమో శనివారమో రక్తం ఇవ్వాలి. నోట్లో పుండ్లు, జ్వరం, ఆయాసంతో పొడిదగ్గు వస్తే మాత్రం తేదీ చూడకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు కావాల్సింది కళ్ల పరీక్ష: మొదటి ఏడాదిలో ఒకసారి, ఐదేళ్లు దాటాక ప్రతి ఏడాదీ. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే ఇంకా ముందే.

లూపస్‌లో జబ్బును చూపేవి యాంటీ డీఎస్ డీఎన్ఏ (లూపస్‌లో కనిపించే యాంటీబాడీ), సీ3, సీ4 (రక్తంలోని రక్షణ ప్రొటీన్లు), మూత్రంలో ప్రొటీన్. జబ్బు చురుగ్గా ఉంటే నెల నుంచి మూడు నెలలకు, నెమ్మదించాక మూడు నుంచి ఆరు నెలలకు. నాకు వీటన్నిటిలో మూత్రపరీక్ష మీదే ఎక్కువ నమ్మకం, అది చవక, మూత్రపిండాల సంగతి నొప్పి కంటే ముందే చెబుతుంది. థైరాయిడ్ మాత్ర మోతాదు మారితే ఆరు నుంచి ఎనిమిది వారాలకు థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్, కుదురుకున్నాక ఆరు నెలలకో ఏడాదికో చాలు.

ఒంట్లోని వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్పీ రెండూ ఒకేసారి చేయించి ఒకటి తగ్గింది, ఒకటి తగ్గలేదని రాస్తున్నారు. సీఆర్పీ రోజుల్లో దిగుతుంది, ఈఎస్ఆర్‌కు వారాలు పడుతుంది. రక్తహీనత, వయసు, గర్భం కూడా ఈఎస్ఆర్‌ను పెంచుతాయి. నేనైతే కీళ్లవాతానికి సీఆర్పీ మీదే ఆధారపడతాను. కానీ రిపోర్టు కొలమానం చూడండి: డెసీలీటరుకు 1.2 మిల్లీగ్రాములు, లీటరుకు 12 మిల్లీగ్రాములు ఒకటే. ల్యాబు మారి అంకె పదింతలైందని ఏడ్చినవాళ్లు ఉన్నారు. ఒకే ల్యాబుకు వెళ్లండి. ఏప్రిల్ ఎండలో ఎమ్మిగనూరు నుంచి బస్సులో నీళ్లు తాగకుండా వచ్చి రక్తం ఇస్తే క్రియాటినిన్ కాస్త పైకి చూపవచ్చు, నీళ్లు తాగి వెళ్లండి.

అభ్యాసం: గత రెండేళ్ల రిపోర్టులన్నీ ముందు వేసుకోండి. ఒక నోటుపుస్తకంలో తేదీ, పరీక్ష, అంకె, కొలమానం, ఆ రోజు వాడుతున్న మందు, దాని మోతాదు, ఒంట్లో ఎలా ఉందో ఒక్క ముక్క రాయండి. సీఆర్పీలన్నీ లీటరు లెక్కలోకి మార్చండి. జబ్బు పరీక్షలకు నీలం, మందు పరీక్షలకు ఎరుపు గీత గీయండి. చేయనక్కర్లేని వాటిని కొట్టివేసి, వాటికి పెట్టిన డబ్బు కూడండి. ఎర్ర గీతల మధ్య (కళ్ల పరీక్షను వదిలి) మూడు నెలలు దాటిన ఖాళీలుంటే ఆ తేదీలు విడిగా రాసి, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ పేజీ ముందు చూపించండి. ఐదో పాఠం ఆ నోటుపుస్తకంలోని మూత్రపరీక్ష అంకెలతోనే మొదలవుతుంది.